నా కొలతకు తగ్గ లాప్‌టాప్

చిన్నోడికి,

నువ్వు పంపిన పార్సిల్ మొన్న అందింది. రేపు తిరిగి పంపేస్తున్నాను. పెట్టె కంటే ముందు ఈ ఉత్తరం నీ చేతికి రావాలని ఇవాళే రాస్తున్నాను. లేకపోతే పెట్టె చూసి అక్కకి కోపం వచ్చిందనుకుంటావు. కోపం రాలేదని అనను. కానీ అది ఈ పెట్టె మీద కాదు. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావేమో. ఫోన్‌లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగంటావు. కాగితం మీదైతే అడ్డొచ్చేవాళ్ళు ఉండరు.

అసలు సంగతి నీకు సగమే చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా ఈ బట్టల ఫ్యాక్టరీలో నేను చార్ట్ కాగితం మీద పాటర్న్ గీసి, కత్తిరించి ఇస్తే, దాన్ని పెట్టుకునే గుడ్డ కోస్తున్నారు. ఒక సైజు గీశాక, మిగతా సైజులన్నీ దాన్నుంచే పెంచుతూ, తగ్గిస్తూ తీస్తాను. రెండు నెలల కిందట ఆ పనికి కంప్యూటర్ వచ్చింది. అద్దాల గది కట్టించారు, ఇద్దర్ని కొత్తగా తీసుకున్నారు, వాళ్ళని శిక్షణకి పంపించారు. ఒక సోమవారం నేను వెళ్ళేసరికి నా బల్ల వరండాలో ఉంది. నలుగురు మోసుకొచ్చి పెట్టారట. దాని మీద ఎవరో అప్పుడే టీ గ్లాసు పెట్టేసి వెళ్ళారు.

"మీరింక చెకింగ్‌లో కూర్చోండమ్మా. వేలాడే దారాలు కత్తిరించడమే, హాయిగా ఉంటుంది" అన్నాడు మేనేజరు.

"నన్నూ నేర్చుకోమనొచ్చు కదా సార్" అన్నాను.

"ఈ వయసులో మీకెందుకమ్మా ఆ తలనొప్పి."

"నా తల నొప్పి పుడితే నేను చూసుకుంటాను సార్" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

అందుకే కంప్యూటర్ కొనుక్కోవాలని నీతో అన్నాను. సలహా అడిగానే గానీ వస్తువు అడగలేదు. నువ్వేమో నాలుగో రోజుకల్లా పంపించేశావు. పలకలా పల్చగా, వెండి గిన్నెలా మెరుస్తూ, చూడటానికి ముచ్చటగానే ఉంది. మీ బావ రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "ఇది గాలికి ఎగిరిపోతుందేమో, మీద ఇస్త్రీపెట్టె పెట్టు" అన్నాడు.

కానీ అది నాకు పనికిరాదురా. నేను నేర్చుకోవాల్సిన పాటర్న్ సాఫ్ట్‌వేర్ ఆ రకం కంప్యూటర్‌లో ఎక్కనే ఎక్కదు. ఎక్కిందనుకో, ఆ చిన్న తెర మీద ఒక ప్యాంటు కాలు మొత్తం కనపడాలంటే దాన్ని అగ్గిపుల్లంత చెయ్యాలి. ఆ సాఫ్ట్‌వేర్‌కి తాళంచెవి లాంటిది ఒకటి పక్కన గుచ్చితేనే తెరుచుకుంటుంది. అది గుచ్చే కన్నమే లేదు దానికి. మెమరీ తర్వాత పెంచుకుందామంటే లోపల అతికించేసి ఉందట. ఇవన్నీ నీకు తెలియవని కాదు. దాని మీద నేను ఏం పని చేస్తానో నువ్వు అడగలేదు, అంతే. ఎంత ఖరీదైన కత్తెరైనా ఎడమచేతి వాటంది కుడిచేతికి ఇస్తే గుడ్డ నలుగుతుందే తప్ప తెగదు.

నా రెండు నెలల జీతం దాటకుండా, నా పనికి సరిపోయేది నేనే వెతుక్కుంటాను. మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

—

చిన్నోడా,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచీ నా చెవిలో ఒకే మాట తిరుగుతోంది. "నీకు వాటి సంగతి తెలియదక్కా, నన్ను చూసుకోనీ." సరే, తెలియనిదాన్ని ఏం చేశానో విను.

ముందు పెద్ద షోరూముకి వెళ్ళాం, మీ బావా నేనూ. అక్కడి సేల్స్‌మన్ నా వైపు చూడనే లేదు. "మేడమ్‌కి సినిమాలు చూడటానికా సార్, వీడియో కాల్స్‌కా?" అని మీ బావని అడిగాడు. "నన్నడక్కు నాయనా, నేను బస్సు తోలుకునేవాణ్ణి. కొనేది ఆవిడ, వాడేది ఆవిడ" అన్నాడు మీ బావ. అప్పుడు నా వైపు తిరిగి, కీబోర్డు కింద ఎర్రదీపాలు వెలిగేది ఒకటి చూపించాడు. ఆటలాడేవాళ్ళదట. నా బడ్జెట్‌కి రెండింతలు. వాయిదాల్లో ఇస్తానన్నాడు. తర్వాత చవకది చూపించాడు. అందులో మెమరీ ఎంత అంటే "సరిపోతుంది మేడమ్" అన్నాడు. ఎంతకి సరిపోతుంది, ఎవరికి సరిపోతుంది? మా దగ్గర బట్టలకి కూడా ఫ్రీ సైజ్ అని రాస్తారు. అది ఎవరికీ సరిపోదని కుట్టే ప్రతివాళ్ళకీ తెలుసు.

బయటికొచ్చి, రెండు వీధుల అవతల లాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం ఉంటే వెళ్ళాను. అక్కడ నుదుటి మీదికి కళ్ళజోడు ఎక్కించుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అందరూ రిపేరు మాస్టారనే పిలుస్తారు. "మీ బల్ల మీదికి ఏవి ఎక్కువగా వస్తాయి మాస్టారూ?" అని అడిగాను. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"కొనకముందు వచ్చి ఈ మాట అడిగింది నువ్వే అమ్మా. అందరూ నీలా అడిగితే నా కొట్టు మూసుకోవాలి. ముందు పనేంటో చెప్పు, తర్వాత డబ్బెంతో చెప్పు, రంగు ఆఖర్న చెప్పు. జనం తిరగేసి చెబుతారు."

నేను సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇచ్చిన కాగితం తీసి చూపించాను. ఇంత మెమరీ, ఇంత తెర, ఇన్ని కన్నాలు అని అందులో ఉంది. దాని కింద నేను రాసుకున్నవి చదివి వినిపించాను. కీబోర్డులో అంకెలు విడిగా ఉండాలి, నేను రోజంతా కొలతలే కొట్టాలి. తెర అద్దంలా మెరవకూడదు, నా కిటికీ నా వెనకే ఉంది. బరువున్నా పర్వాలేదు, బల్ల మీద నుంచి కదిలేది కాదు. బ్యాటరీ ఎక్కువసేపు రాకపోయినా పర్వాలేదు, గోడకి ప్లగ్ ఉంది. ఆయన కళ్ళజోడు కిందికి దించుకుని నన్ను ఒకసారి చూశాడు. "దేనికి డబ్బు పెట్టక్కర్లేదో తెలిసినవాళ్ళు తక్కువమ్మా" అన్నాడు.

ఒక ఆఫీసు వాళ్ళు మూడేళ్ళు వాడి మార్చేసినవి ఆయన దగ్గర నాలుగున్నాయి. నల్లగా, మందంగా, ఇటుకల్లా ఉన్నాయి. పదిహేనున్నర అంగుళాల తెర, పదహారు జీబీ మెమరీ, ఇంకో పదహారు పెట్టుకోవడానికి లోపల చోటుంది. ఏడాది పూచీ రాసిస్తానన్నాడు. నేను పెన్‌డ్రైవ్ తీశాను. కంప్యూటర్ సెంటర్‌లో గంటకింత కట్టి నేర్చుకుంటూ గీసిన కోటు పాటర్న్ అందులో ఉంది, ఆరు సైజులతో. సాఫ్ట్‌వేర్ ట్రయల్ కాపీ ఎక్కించి నాలుగింటిలోనూ తెరిచి చూశాను. ఒకదాని మూత బిగువు సడలింది. ఒకదానికి ఏడో అంకె గట్టిగా నొక్కితే గానీ పడటం లేదు. మిగిలిన రెండిట్లో తెర మీద వెలుతురు సమంగా ఉన్నది తీసుకున్నాను. అనుకున్న దాంట్లో ఇంకా కాస్త మిగిలింది. మౌస్, పెద్దది, దాంతోనే వచ్చింది.

ఇదిరా, తెలియనిదాని సంగతి.

ఇప్పుడు అసలు మాట. రాయకూడదనే అనుకున్నాను. కానీ నేను ఏమీ రానిదాన్నన్నట్టు నువ్వు మాట్లాడటం ఇది రెండోసారి.

ఎనిమిదేళ్ళ కిందట, మీరు కొత్త ఇంట్లోకి మారిన ఆదివారం గుర్తుందా. మీ ఆఫీసు వాళ్ళు నలుగురు వంటింటి గట్టు దగ్గర నీతో మాట్లాడుతున్నారు. నేను పక్క గదిలో నీ కిటికీ తెరలకి అంచులు కుడుతున్నాను. నీ ఇంటి కొలతలకి సరిగ్గా ఉండాలని మిషను కూడా మోసుకొచ్చాను. ఆ తెరలు ఎవరు కుట్టారని ఎవరో అడిగారు. "మా అక్క. పాపం ఆవిడకి చదువు ఎక్కలేదు గానీ చేతిలో పనుంది" అన్నావు. నువ్వు ప్రేమగానే అన్నావు. అదే నన్ను కాల్చింది. ఎగతాళి చేసుంటే తిరిగి ఒకటి అనేదాన్ని. ఆ అంచు పూర్తిచేసి, దారం తెంపి, తలనొప్పని చెప్పి వెళ్ళిపోయాను.

నాకు చదువు ఎక్కకపోవడం ఏంటిరా? పదో తరగతి మా బడిలో రెండోదాన్నిగా పాసయ్యాను. లెక్కల్లో మొదటిదాన్ని. నువ్వప్పుడు ఏడేళ్ళవాడివి. ఫలితాలొచ్చిన వారానికి నాన్న నన్ను ఒక టైలరు దగ్గర కూర్చోబెట్టాడు. "ఇద్దర్ని చదివించలేను, వాడు మగపిల్లాడు" అన్నాడు. నేను ఏడవలేదు. నీ బడి బ్యాగు నేనే కుట్టాను, నీ కాలేజీ ఫీజులో సగం నా మిషన్ నుంచే వచ్చింది. అవి నువ్వు తిరిగివ్వాలని ఏనాడూ అనుకోలేదు. కానీ నా మార్కులు నావి. అవి కూడా తీసేసుకుంటే ఎలా?

నీ డబ్బుతో కంప్యూటర్ కొంటే మళ్ళీ అదే మాట అవుతుంది. పాపం అక్క, తమ్ముడు ఇచ్చాడు, తమ్ముడు నేర్పాడు. వద్దు. దీన్ని నేను ఎంచుకున్నాను, నేను కొన్నాను, నేనే నేర్చుకుంటాను. నీకు కోపమొస్తే రానీ.

అక్క

—

అక్కకి,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. మళ్ళీ కార్లో కూర్చుని చదివాను. నాకు ఉత్తరం రాయడం చేతకాదు, అయినా ఫోన్ చెయ్యను. నువ్వు మధ్యలో ఆపేస్తావని కాదు, నేను పూర్తిగా చెప్పలేనని.

నువ్వు పరీక్ష తప్పావనే నాకు చెప్పారు. నాన్నే చెప్పాడు. నేను బడికి వెళ్ళనని మారాం చేసినప్పుడల్లా నిన్ను చూపించేవాడు. "అక్క తప్పింది, మిషనెక్కింది. నువ్వూ తప్పు, నీకూ ఒకటి కొంటా." ఆ భయంతోనే చదివాను. నీ ముందు చదువు మాటెత్తితే బాధపడతావని ముప్ఫై ఏళ్ళుగా ఎత్తలేదు. అది మర్యాద అనుకున్నాను.

నిన్న పిన్నిని అడిగాను. ముందు మాట దాటెయ్యబోయింది. తర్వాత, "పాసైనదాన్ని మాన్పించామని తెలిస్తే పెద్దయ్యాక నువ్వు నిలదీస్తావని మీ నాన్న భయం. నన్నూ చెప్పొద్దన్నాడు" అంది. అందరికీ తెలుసక్కా. నాకు తప్ప.

క్షమించమని అడిగితే నువ్వు సరే అనేస్తావు, నాకు తేలికైపోతుంది. అందుకే అడగను. నేనేం చెయ్యాలో చెప్పు.

చిన్నోడు

—

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి మీ బావ చేతికిచ్చాను. ఆయన చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయాడు. సాయంత్రం ఇచ్చి, "మా మావ ఒక్క అబద్ధంతో ఇద్దరు పిల్లల్ని పనిలో పెట్టాడే" అన్నాడు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. పదహారేళ్ళప్పుడు రావాల్సింది ఇప్పుడొచ్చింది, రానిచ్చాను.

ఎనిమిదేళ్ళు తప్పు చెయ్యని మనిషి మీద కోపం పెట్టుకున్నాను. నువ్వూ నాలాగే మోసపోయావు. అంతమాత్రాన నాన్నని వదిలేశానని అనుకోకు. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకుంటాను. దాన్ని తీసేసుకోవడానికి ఎవరికీ హక్కు లేదు.

మూడు వారాల కిందట ఫ్యాక్టరీలో ఒకటి జరిగింది. నా ఇటుకని సంచిలో పెట్టుకుని మేనేజరు గదికెళ్ళాను. "ఒక చొక్కా ఇవ్వండి, నేనూ గీస్తాను" అన్నాను. అద్దాల గదిలోవాళ్ళు రెండు గంటల్లో గీశారు. నాకు రెండు రోజులు పట్టింది. దాచడమెందుకు, నేను నెమ్మదే. కానీ కుట్టి చూస్తే నాది మొదటిసారికే ఒంటి మీద సరిగ్గా కూర్చుంది, వాళ్ళది మెడ దగ్గర లేచింది. మేనేజరు రెండింటినీ తిప్పి తిప్పి చూసి, "సరేనమ్మా, మీరూ అద్దాల గదిలో కూర్చోండి. జీతం మాత్రం చెకింగ్ వాళ్ళదే, నేర్చుకుంటున్నారు కదా" అన్నాడు.

"నేను నేర్చుకోవడం మా ఇంట్లో అయిపోయింది సార్" అన్నాను. ఆ రోజే ఉద్యోగం మానేస్తున్నానని కాగితం రాసిచ్చి వచ్చేశాను. వరండాలో ఉన్న నా బల్ల అడిగితే పాతదేగా తీసుకుపొమ్మన్నారు. మీ బావ స్నేహితుడి వ్యాను మీద తెచ్చుకున్నాను. భయం లేదా అంటే ఉంది. ఇంట్లోనే పాటర్న్‌లు గీసిస్తానని బోర్డు పెట్టాక, మొదటి మూడు రోజులు ఎవరూ తలుపు తట్టలేదు. నాలుగో రోజు ఆసుపత్రి యూనిఫాంలు కుట్టే ఒకావిడ వచ్చింది. తొమ్మిది సైజులు కావాలంది. బజార్లో దొరికే పాటర్న్‌లు సన్నగా ఉన్నవాళ్ళకి గీసి, నాలుగువైపులా ఒకేలా పెంచుకుంటూ పోయినవి. ఒళ్ళు పెరిగితే భుజం అంత పెరగదు, చంక దగ్గర లోతు వేరుగా ఇవ్వాలి. అది లెక్క. నేను లెక్కల్లో మొదటిదాన్నని చెప్పాను కదా.

నువ్వేం చెయ్యాలని అడిగావు. చెబుతాను. ఆ ఆదివారం నీ వంటింట్లో ఉన్న ఆ నలుగురికీ ఫోన్ చెయ్యి. వాళ్ళకి గుర్తుండదు, పిచ్చిపట్టిందా అంటారు, అననీ. మా అక్క పరీక్ష పాసైంది, బడిలో రెండోది, మాన్పించేశారు అని చెప్పు. మరదలికీ నీ పిల్లలకీ కూడా చెప్పు, పాపం అన్న మాట లేకుండా. నాన్న గురించి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం, నేను అడ్డు రాను. ఆ పని అయ్యాక మా ఇంటికి రా. ఖాళీ చేతుల్తో రావాలి.

ఇవాళ పొద్దున ఆ యూనిఫాంల ఆవిడ అన్నిటికంటే పెద్ద సైజు నమూనా కుట్టుకుని, వేసుకునే మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆసుపత్రిలో రోగుల్ని లేపి కూర్చోబెట్టే నర్సు, భారీ మనిషి. ఇన్నేళ్ళూ చంకల్లో పిగిలిన చొక్కాలే వేసుకుందట. తొడుక్కుని నా బల్ల ముందు నిలబడి, ముందు మెల్లగా, తర్వాత ఒక్కసారిగా రెండు చేతులూ పైకెత్తింది. ఎక్కడా పట్టలేదు. దించకుండా అలాగే నిలబడి, "ఇది గీసిందెవరు?" అని అడిగింది.

"నేనే" అన్నాను.

నీ అక్క