నీ జేబులో దొరికిన బిళ్ళ

కార్మికవర్గం ఒక్కటే అనేవాడివి. తప్పు. ఇప్పుడు లాల్‌పేట్ గనిలో రెండున్నాయి. గనిలోకి దిగేటప్పుడు తీసుకుని, పైకొచ్చాక తిరిగిచ్చే ఇత్తడి బిళ్ళ పర్మినెంటు వాళ్ళకే ఉంది. కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు కొత్తగా పెట్టిన కూలీలకు లేదు. కప్పు కూలితే లోపల ఎందరున్నారో ఎవరికీ తెలియదు. వాళ్ళకూ బిళ్ళలివ్వాలని మన మనవరాలు రేపు గేటు దగ్గర కూర్చుంటుందట.

పొద్దున ఠేకేదారు మనుషులు ఇంటికొచ్చారు.

"అవ్వా, పోరిని ఇంట్ల కూసోబెట్టు."

"యాడ కూసోబెట్టాలె బిడ్డా? ఉన్న ఒక్క కుర్సీ నిండ మీ తాత పుస్తకాలే."

వాళ్ళు వెళ్ళాక నీ పెట్టె తెరిచాను.

ఆఖరి రోజు గనిలోంచి నిన్ను మోసుకొచ్చినప్పుడు నీ జేబులో దొరికిన బిళ్ళ మనవరాలికిస్తున్నాను. ఈ రాత్రి దాని కలలోకెళ్ళి ఒక్క మాట చెప్పు: రేపు సాయంత్రం ఆ బిళ్ళ తనే తెచ్చి నా చేతిలో పెట్టాలి.