కల్‌వాలా డబ్బా

తాండూరు,
మంగళవారం

చెల్లె జమాలున్నీసాకు,

ఒక్క దినం పని అని చెప్పి వికారాబాద్‌ల బండెక్కినోణ్ని, ఐదు దినాలైంది. అమ్మీ పరేషాన్ అయితున్నదని రాసినవు. ఏం చేయాలె, మా నాపరాతి బండల కంపెనీ కంప్యూటర్ ఇంకా లేస్తలేదు. స్విచ్ ఏస్తే నల్లటి తెర మీద ఒక్క గీత మినుకుమంటది, గంతే.

మొన్న గురువారం ఇక్కడి రామచందర్ కొత్త సిస్టం ఎక్కిస్తుంటే నడుమల ఆగిపోయింది. నాకు ఫోన్ చేసిండు. "నిన్న తీసిపెట్టిన పాత సిస్టం ఫ్లాపీలు ఒక డబ్బాల, రేపటి పనికని ఉంచినవి ఇంకో డబ్బాల ఉన్నయి, ఏవి ఎయ్యాలె" అన్నడు. నేను తొందరల ఉర్దూల "కల్‌వాలా డబ్బా" అన్న. ఉర్దూల నిన్నకూ రేపుకూ 'కల్' అని ఒకటే మాట కదా. నేనన్నది నిన్నటిది. ఆయన రేపటిది ఏసిండు. అండ్ల డిస్క్ తుడిచే ఫ్లాపీ ఉండె, ఉన్నదంత తుడుచుకపోయింది.

ఇప్పుడు పాత ఫ్లాపీలు ఒక్కొక్కటే ఎక్కిస్తున్న. పద్నాలుగోదానికి బండల దుమ్ము పట్టింది. అక్కడ ఆగుతది, మళ్ల మొదటికెళ్లి. దాని నకలు హైదరాబాద్ నుంచి శుక్రారం అందుతది.

రామచందర్‌ను నౌకరిల నుంచి తీసేస్తమన్నరు. నా మాట సంగతి ఆయన ఎవ్వరికీ చెప్పలేదు. ఇయ్యాల నేనే కంపెనీ సాబ్‌కు చెప్పిన, తప్పు నాదే అని. ఇగ నా నౌకరి ఏమైతదో.

శనివారం పొద్దటి బండికి వస్త. నేనెప్పుడొస్తనని అమ్మీ అడిగితే ఊకోబెట్టెటందుకు ఉత్త 'కల్' అనకు. ఈ నడుమ ఆమెకు దినాలు యాదుంటలేవు. నేను నిన్ననే వచ్చిపోయిన్ననుకుంటది.

నీ భాయ్