సంత మూతపడ్డాక

నకాలే అక్కా,

కరోనాతో సంత ఆగింది, మన రెండు తెగల పశువుల తగాదాలు తీర్చడానికి మనమిద్దరం అక్కడ నడిపే రాజీ సమావేశమూ ఆగింది. నాలుగు నెలలుగా మీ తుర్కానా వాళ్ళ మొహం మా పోకోట్ వాళ్ళెవరూ చూడలేదు.

మొన్న మా మేకలు పదకొండు కనిపించలేదు. "నీ నేస్తం వాళ్ళే తోలుకుపోయారు. ఇంకా వెనకేసుకొస్తావేంటే అమ్మా?" అంటూ నా కొడుకు లొకోమోల్ తుపాకీ తీశాడు.

"నన్ను తొక్కుకుంటూ పోరా" అని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. రెండు రోజులు కదల్లేదు. మూడో రోజు మేకలు కొండ వెనక దొరికాయి. అయినా వాడు నాతో మాట్లాడడం లేదు. ఇరుగుపొరుగు కూడా అంతే.

ఈ ఉత్తరం రెండు వైపులా తిరిగే ఆసుపత్రి నర్సు తెస్తుంది. శుక్రవారం వాగు దగ్గరకు రా అక్కా. అవతలి ఒడ్డునే నిలబడి, ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు. ఇక్కడ నన్నెవరూ పిలవడం లేదు.

నీ చెల్లెలు