నదిలో పడ్డ మన ఇల్లు

అక్కా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే బాగున్నానని అబద్ధం రాస్తావు. మొన్న ఆఫీసులో మన ఊరి పాత మ్యాపును కంప్యూటరులో ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచాను. మన వీధి వీధంతా వెళ్ళి నదిలో పడింది! ఇంటికొచ్చి అమ్మకు చూపిస్తే, "మీ నాన్న కట్టించిన ఇల్లు ఎప్పటికైనా మునుగుతుందని నేనప్పుడే అన్నాను" అంది.

పాత మ్యాపు గీసినవాళ్ళు భూమి ఆకారాన్ని వేరే లెక్కలో కొలిచారట. నేను ఆ లెక్క మార్చకుండా, కొత్త లెక్క పేరు మాత్రం తగిలించాను. ఉప్పు డబ్బాకు చక్కెర అని చీటీ అంటిస్తే ఉప్పు తియ్యగా అవుతుందా? సరిగ్గా మార్చాక వీధి నదిలోంచి లేచొచ్చి, మన ఇళ్ళు కూలగొట్టి కట్టిన బస్టాండు మీద కూర్చుంది.

అమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికింది. నువ్వు అద్దం ఆనించి జడ వేసుకునే కిటికీ ఇప్పుడు టికెట్ల కౌంటరు. మనం ఒక్క దుప్పటి కోసం కొట్టుకున్న గది టీకొట్టు. వీధి గడప ఆరో ప్లాట్‌ఫాం మీద పడింది. అమ్మ దానిమీద పెట్టిన వేలు చాలాసేపు తియ్యలేదు. "మొండితనంలో అది నా పోలికే" అంది. అన్నది నీ గురించే.

పెళ్ళి గొడవలో "చచ్చినా నీ గడప తొక్కను" అని అమ్మతో ఒట్టేసి వెళ్ళావు. ఇల్లు పోయినా ఒట్టు పట్టుకునే ఉన్నావు. కానీ అక్కా, నువ్వు ప్రతి శనివారం బస్సు మారేది ఆ ఆరో ప్లాట్‌ఫాం మీదే. ఇన్నేళ్ళూ తొక్కుతూనే ఉన్నావు. ఇంక ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు.

ఈ శనివారం బస్సు మారకు. బయటికొస్తే ఎడమవైపు రెండో సందు, మేడమీద వాటా. తలుపు అమ్మే తీస్తుంది.

దుప్పటి ఈసారి నీకే.

నీ చెల్లి