తెర అంచున కుట్టిన నాణేలు

ప్రియమైన వదినకి,

అడిగినా పలకనివాళ్ళని ఏ లెక్కలో వెయ్యాలి? యూనివర్సిటీలో మాకు గణాంకశాస్త్రం చెప్పిన మేడమ్ ఒకరోజు ఈ ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండానే గంట కొట్టగానే వెళ్ళిపోయారు. అప్పటినుంచీ అది నన్ను వదల్లేదు. ఉత్తరం ఇలా మొదలైందేమిటా అని కంగారు పడకండి. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, అక్కడ మీరూ అన్నయ్యగారూ పిల్లలూ కూడా అలాగే ఉన్నారని నా ధీమా. మీ తమ్ముడికి మోకాలి నొప్పి తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మూలగడం మాత్రం మానలేదు, అలవాటు పడ్డట్టున్నారు.

అత్తయ్య కళ్ళ గురించి అడిగారు. దాచి లాభం లేదు. చూపు మధ్యభాగంలో మసక పెరుగుతోందని, కంట్లో వేసే ఇంజెక్షన్లతో కొంత ఆపగలమేగానీ పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పారు. అత్తయ్య ఆయన్నే ఓదార్చారు, అక్షరాలు పోతే పోయాయి గానీ పిట్టలు ఇంకా కనబడుతున్నాయని. ఆయనకేం అర్థంకాక నా వైపు చూశారు. నాణేల మీది పిట్టలని నేను చెప్పాల్సి వచ్చింది.

ఆ పిట్టల వరస ఎలా మొదలైందో మొన్న నాకు మళ్ళీ చెప్పారు. మీరు పుట్టకముందు సంగతట. అత్తయ్య రైల్వే టికెట్ కౌంటర్లో కొత్తగా చేరినప్పుడు ఎవరో కిటికీలోంచి పరాయిదేశపు నాణెం ఒకటి తోసేసి వెళ్ళారు. సాయంత్రం లెక్క తప్పి, తన పర్సులోంచి వేసుకున్నారు. మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంటే పార్సిల్ ఆఫీసులో ఉన్న మామయ్యగారు ఆ నాణేన్ని తిప్పి చూసి, దీనిమీద కొంగ ఉంది, ఒంటరి కొంగ బెంగపడుతుంది, తోడు వెతుకుదాం అన్నారట. అలా వెతుకుతూనే సంసారం గడిచిపోయింది. వరసంతా దొరికింది, ఒక్క లకుముకిపిట్ట తప్ప. మామయ్యగారు దాన్ని చూడకుండానే వెళ్ళిపోయారు.

ఇక మీరు అడిగిన నంబరు. సేకరించేవాళ్ళంతా ఒకచోట చేరి ఎవరి దగ్గర ఏముందో రాసుకునే ఆ వెబ్‌సైటు, ఎంతమంది దగ్గర ఉందో చూసి ప్రతి నాణేనికీ నూటికి ఇంత అని అరుదుతనం కడుతుంది; ఎంత తక్కువమంది దగ్గర ఉంటే నంబరు అంత ఎక్కువ. చేతులెత్తమంటే ఎత్తినవాళ్ళని లెక్కపెట్టడమేగా అని అన్నయ్యగారు వెక్కిరించారని రాశారు. వెక్కిరింపైనా నిజమే. కానీ ఆ చేతుల్ని తీసిపారెయ్యలేను. పాత కేటలాగుల్లో ఎన్ని ముద్రించారో మాత్రమే ఉంటుంది. వాటిలో ఎన్ని కరిగిపోయాయో, ఎన్ని ఏటిపాలయ్యాయో టంకశాలకి కూడా తెలియదు. పెట్టెలు తెరిచి చూసుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ముద్రించింది తక్కువని చదివి ఒక రాగి నాణెం కోసం అత్తయ్య ఎంతకాలం ఆరాటపడ్డారో మీకు తెలుసు. సభ్యుల్లో సగంమంది దగ్గర అది ఉందని నేను చదివి వినిపించాక, హమ్మయ్య, ఇక దానికోసం చావక్కర్లేదు అన్నారు. ఆ పూట ఆ నంబరుకి దణ్ణం పెట్టాలనిపించింది.

చిక్కల్లా మన చిల్లు నాణెం దగ్గర వచ్చింది. మీరు స్కూలుకి వెళ్ళే రోజుల్లో వచ్చి, బోల్టుల కింద వేసే వాషర్లతో కలిసిపోతోందని వెనక్కి తీసేసుకున్నారే, అదే. అత్తయ్య దగ్గర ఒకటుంది. సైటులో దాని నంబరు తొంభై దాటింది. రోజూ కాఫీ తాగుతూ నా చేత ఆ నంబరు చదివించుకుంటారు, చంటిదానికి జ్వరం చూసినట్టు. అంతలో ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక స్కూలు మాస్టారు రాశారు. ఆయన దగ్గర లకుముకిపిట్టలు రెండున్నాయట, ఒకటి ఇస్తాను, మీ చిల్లు నాణెం ఇవ్వండి, రెంటి నంబరూ దాదాపు ఒకటే కదా అని.

మార్పిడి కుదిరిందా అని అడిగారు. ఆ సంగతికే వస్తున్నాను.

అత్తయ్య చెబుతుంటే నేను జవాబు టైపు చేశాను. "ఒప్పుకున్నాను. మీ పిట్టని దూదిలో చుట్టి జాగ్రత్తగా పంపండి." పంపబోతూ, నా పాడుబుద్ధి, ఏ దేశంలో ఎంతమంది సభ్యులున్నారో చూశాను. ఆ మాస్టారి దేశంలో వేలమంది. అందరూ వెతికి లేదన్నాక లకుముకిపిట్ట అరుదైంది. మన దేశంనుంచి ఉన్నవాళ్ళు ఒక కారులో పడతారు. వాళ్ళలో అత్తయ్యొకరు; చిల్లు నాణెం తొంభై దాటింది ఆ గుప్పెడుమంది మాటమీదే. రేపు చూద్దాంలే అనుకుని మూసేశాను.

మర్నాడు ముందుగది తెరలు కుట్టించడానికి దర్జీ దగ్గరికి వెళ్ళాను. ఆయన గోడమేకుకి వేలాడుతున్న తీగ తీసి, దానికి గుచ్చిన బిళ్ళల్లోంచి ఒక్కొక్కటే లాగి తెర కింది అంచులో పెట్టి కుడుతున్నాడు. అన్నీ చిల్లు నాణేలే, వదినా. ఎందుకని అడిగాను.

"బరువుకండీ. ఇవి లేకపోతే గాలికి తెర లేచి, మీ ఇంట్లో కూర మాడిన సంగతి వీధంతా చూస్తుంది."

వాళ్ళ నాన్న రోజుల్నుంచీ ఇవేనట. బ్యాంకు వెనక్కి తీసుకోకముందే దర్జీలంతా సంచులకొద్దీ దాచుకున్నారట. ఊళ్ళో మంచి తెర ఏదైనా అంచు తడిమి చూసుకోమన్నాడు. మా కాలేజీకి వెళ్ళి స్టాఫ్‌రూమ్ తెర తడిమాను, ఉంది. ప్రిన్సిపాల్ గదిలో తెర కూడా తడుముతుంటే ఆయన, ఏదైనా పోయిందామ్మా అన్నారు. ఇంటికొచ్చేదారిలో గాలికి కదలకుండా నిలబడ్డ కిటికీ తెరల్ని చూస్తూ నడిచాను. ఆ సైటుకి ఇవేవీ తెలియవు. అబద్ధం ఎవరూ చెప్పలేదు, అసలు ఎవరూ ఏమీ చెప్పలేదంతే.

ఇప్పుడు మీకు చెప్పకుండా ఇంతదాకా లాక్కొచ్చిన మాట. జవాబు పంపేశానని అత్తయ్యతో చెప్పాను. పంపలేదు. పాపం, ఆవిడ రోజూ ఏమైనా వచ్చిందా అని అడిగేవారు. లేదనేదాన్ని. బళ్ళో పరీక్షలు జరుగుతున్నాయేమో, పాపం పేపర్లు దిద్దుకోవాలిగా అని ఆ మాస్టారి తరఫున తనే సర్దిచెప్పుకునేవారు. అది వినలేక ఆదివారం అన్నీ చెప్పేశాను, పంపలేదన్నదీ, తెరల సంగతీ.

అత్తయ్య కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత అడిగారు.

"నాది దొంగ నాణెమా?"

"కాదత్తయ్యా, అసలైందే."

"నేనేమైనా అబద్ధమాడానా?"

"లేదు."

"మీ ఊరి కిటికీలకి ఏం వేలాడుతున్నాయని అతను అడిగాడా?"

నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఆయనకి అడగాలని ఎలా తెలుస్తుంది అత్తయ్యా అన్నాను. ఆవిడ లేచి, తడుముకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి తెర అంచు వేళ్ళతో నొక్కి చూశారు.

"మీ మామయ్యగారైతే ఉన్నదున్నట్టు రాసెయ్యమనేవారు. ఆయనకి పిట్ట కంటే మాట ముఖ్యం. నాకు మాత్రం దాన్నొక్కసారి చూడాలని ఉందే అమ్మాయ్, కనబడుతుండగానే." తెర అంచు వదిలి అన్నారు: "నీకెలా తోస్తే అలా రాయి. చదువుకున్నదానివి. నాకు మాత్రం చదివి వినిపించకు."

మీ తమ్ముడిని అడిగితే, తెరల్లో ఉన్నవాటిని సేకరణ అంటారా, బట్టలంటారు అని పేపరు తిరగేశారు. ఆయనకి అంత తేలిక. నాకు కాదు. నిజం రాస్తే ఆ మాస్టారు పెద్దమనసుతో సరేననొచ్చు, లేదా మర్యాదగా తప్పుకోవచ్చు. ఇంకో లకుముకిపిట్ట వచ్చేసరికి ఈ కళ్ళు ఆగుతాయన్న నమ్మకం నాకు లేదు. రాయకపోతే, మనలాంటివాళ్ళు తెలిసింది తెలిసినట్టు చెబుతారని నమ్మి ఆ నంబరు చూసే మనిషి, నిజంగా అరుదైనదాన్ని ఇచ్చి మా కిటికీ బరువుని తీసుకుంటాడు. పైగా అతనూ నాలాగే పాఠాలు చెప్పుకు బతికేవాడు.

ఏం చెయ్యమంటారని మిమ్మల్ని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇక్కడికొచ్చేసరికి అడగాలని లేదు. మీరు ఆవిడ కూతురు, మీకిది ఇంకా కష్టం. ఆదివారం తర్వాత అత్తయ్య నన్ను, జవాబు వచ్చిందా అని ఒక్కసారి కూడా అడగలేదు. నేను కంప్యూటరు ముందు కూర్చోగానే లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోతున్నారు. ఆ తెరల సంగతి రాయాలో వద్దో, వదినా, నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇట్లు,
మీ అమ్మగారి పక్క గదిలోంచి,
మీ మరదలు