తోక విరిగిన మ

1 జూన్ 2025, ఆదివారం

పాస్టీ ఫెయిల్. అంచు విచ్చుకుని లోపలి రసమంతా ట్రేలోకి కారి మాడింది. ఇల్లంతా పొగ. హర్ష కిటికీలు తెరిచి, ఏమీ అనకుండా బయటినుంచి దోసెలు తెప్పించాడు. నా మొగుడు ఏమీ అనడు. దేనికీ ఏమీ అనడు.

అనేది అత్తమ్మ. ఆవిడ పుట్టింది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో. వాళ్ళ నాన్న గనిలో పనిచేసే రోజుల్లో పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆవిడ పాస్టీలు చేసి పెట్టేదట. ఒకప్పుడు ఇంగ్లండ్ నుంచి గని పనికి వచ్చిన కార్నిష్ దొరల తిండి. మాంసం, ఆలుగడ్డ, ఉల్లిపాయ సన్నగా తరిగి, పచ్చివే మైదా పిండిలో పెట్టి, కజ్జికాయలా మూసి కాల్చడం. చిన్నప్పుడు తిన్న ఆ రుచిని ఆవిడ ఇప్పటికీ తలుచుకుంటుంది. నేను ఏం వండినా ఆఖరికి ఆ కథే వస్తుంది. చేసిపెడితే ఒక్కసారైనా మెచ్చుకుంటుందేమోనని యూట్యూబ్ చూసి మొదలుపెట్టాను.

ఇదేం కజ్జికాయప్పా, కడుపు పగిలిపోయిండాది అంది. ఆంధ్రా పిల్లలకు చేతిలో ఓపిక ఉండదు, సౌమ్య చేసుంటే అంచు అట్ల విడిచేదే కాదు అని కూడా అంది.

సౌమ్య నా తోటికోడలు. అత్తమ్మకు సొంత అన్న కూతురు. ఈ ఇంటి కోడలు కాకముందే ఈ ఇంటి పిల్ల. నేను తణుకు నుంచి వచ్చి తొమ్మిదేళ్ళయినా ఈ బెంగళూరు కాడుగోడిలో ఇంకా ఆంధ్రా పిల్లనే.

8 జూన్, ఆదివారం

రెండోసారి. ఈసారి అంచు నిలిచింది. వెన్న ఫ్రిజ్‌లోంచి తీసినట్టే చల్లగా ఉండాలి, పిండిని ఎక్కువ పిసకకూడదు. అంచును వేలితో మడిచి నొక్కుకుంటూ పోవాలి. వీడియోలో స్వీడ్ అనే దుంప వేయమన్నారు. కాడుగోడి మార్కెట్లో స్వీడ్ అంటే నా ముఖం చూసి నవ్వారు. దాని బదులు నూల్‌కోల్ దుంప వేశాను.

అత్తమ్మ ఒకటి మొత్తం తింది. తింటూ ఓసారి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ నాన్న గుర్తొచ్చాడేమో. మెచ్చుకోలు వస్తుందని ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. మిరియాలు తక్కువైనాయి అంది.

సౌమ్య తినలేదు. మాంసం మానేసి రెండేళ్ళు. బిడ్డ చేతికొచ్చేదాకా నా కోడలు మాంసం ముట్టదు స్వామీ అని తిరుపతి వెంకన్నకు మొక్కు. మొక్కింది అత్తమ్మ, మానింది సౌమ్య. పెళ్ళికి ముందు బిర్యానీలో ఎముకలు కూడా వదిలేది కాదట. ఇప్పుడు మేం తింటుంటే పెరుగన్నం కలుపుకుంటూ మా ప్లేట్ల వైపు చూడకుండా ఉండటానికి నానా అవస్థా పడుతుంది. నేను ఆ అవస్థను చూస్తుంటాను. నాకు చూడటం ఇష్టం. ఇలాంటివి రాసుకోవడానికే కదా డైరీ.

10 జూన్, మంగళవారం

సౌమ్యకు ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ అయింది. ఇంతకుముందు చేసినవి నిలవలేదు. ఫ్రీజ్ చేసినవాటిలో ఇదే ఆఖరిది. మళ్ళీ మొదటినుంచీ అంటే ఆ పిల్ల ఒళ్ళు తట్టుకోదని డాక్టర్ చెప్పేశారట. మా మరిది గిరిధర్ పెళ్ళాన్ని కార్లో ఎంత మెల్లగా తెచ్చాడంటే హోప్‌ఫామ్ సిగ్నల్ దగ్గర వెనక బస్సువాడు దిగి వచ్చి తిట్టాడట.

మేం పిల్లలు వద్దనుకున్నాం, హర్షా నేనూ. ఇద్దరం కలిసి అనుకున్నదే. కానీ వాళ్ళమ్మకు చెప్పేటప్పుడు మాత్రం కిరణ్మయికి ఆఫీసే ముఖ్యమమ్మా అని చెప్పాడు. అప్పటినుంచి ఈ ఇంట్లో నేను జీతం తెచ్చే అద్దె మనిషిని.

11 జూన్

అత్తమ్మ నా గది సౌమ్యకు ఇచ్చింది. మెట్లెక్కకూడదట. నేను బెళ్ళందూరు ఆఫీసులో రిలీజ్ మీటింగ్‌లో ఉండగా నా బట్టలన్నీ తనే మోసుకెళ్ళి పైగదిలో పడేసింది.

15 జూన్, ఆదివారం. మధ్యాహ్నం 3

అందరూ పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ పాస్టీలు రెండు రకాలు చేశాను. మటన్‌వి, మటన్ లేనివి. కాలాక పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని గనివాళ్ళ పెళ్ళాల పద్ధతి పాటించాను. ఎవరిది ఎవరికో తెలియడానికి వాళ్ళు ఓ మూల పిండితో అక్షరం చేసి అతికించేవారట. నేను మటన్‌కు మ, వెజ్‌కు వ అతికించాను. అత్తమ్మకు ఇంగ్లీషు రాదు. చదివింది కన్నడ మీడియం, తెలుగు కూడబలుక్కుంటుంది. ఈ రెండక్షరాలకు ఆ ఇబ్బంది లేదు. కన్నడలోనూ అంతే, వ కు తోక పెడితే మ.

అవెన్ తీస్తే అన్నీ చక్కగా ఎర్రగా కాలాయి. ఒక మ తోక మాత్రం విరిగి ట్రేలో పడి ఉంది. గోరంత ముక్క. తీసి మళ్ళీ అతికిద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. వేళ్ళు కాలి నోట్లో పెట్టుకున్నాను, తోకతో సహా.

అప్పుడే అత్తమ్మ వంటింట్లోకి వచ్చింది. ట్రే వైపు చూసింది. బాగా వచ్చినాయే అంటుందని ఎదురు చూశాను. సౌమ్యకు ఆకలవుతా ఉండాది, నీకు ఈ అవెన్‌తో ఆటలే గానీ ఆ పిల్ల గుర్తుండదు, ఈ ఇంట్లో బిడ్డ ఏడుపు వినపడేది నీకు ఇష్టం లేదులే అంది. అని, తనే వంగి, వ కోసం వెతికి, ఒకటి తీసి ప్లేట్లో పెట్టుకుంది. తోక విరిగిన దాన్నే.

నా నోట్లో ఆ ముక్క ఇంకా ఉంది. మింగితే మాట వస్తుంది. నేను నములుతూనే ఉన్నాను. ఆవిడ హాల్లోకి వెళ్ళిపోయింది.

సౌమ్య మొదటి ముక్క కొరికి ఒక్క క్షణం ఆగింది. అయిపోయింది, ఇప్పుడు అరుస్తుంది అనుకున్నాను. కాలిందా అని గిరిధర్ అడిగితే తలూపింది. తర్వాత తలెత్తకుండా మొత్తం తినేసింది. ప్లేట్లో రాలిన పొడి కూడా వేలితో అద్దుకుని తింది. రెండేళ్ళకే మటన్‌కూ నూల్‌కోల్‌కూ తేడా మర్చిపోయింది, మొద్దు.

వెజ్‌ది ఒకటి ఎక్కువ మిగిలితే అడుగుతారు కాబట్టి అది నేను తినేశాను. ఏ రుచీ తెలియలేదు. భయంగా ఉంది. మధ్యమధ్యలో నవ్వు కూడా వస్తోంది.

18 జూన్, బుధవారం

హర్షకు చెబుదామనుకున్నాను. ల్యాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాడు. ఏంటి అన్నట్టు ఒక చెవి మీదిది తీశాడు. పాలు అయిపోయాయి అన్నాను.

24 జూన్, మంగళవారం

పాజిటివ్!

అత్తమ్మ వీధంతా చక్కెర పంచింది. వెంకన్న నా మొర విన్నాడప్పా, రెండేండ్లు నోరు కట్టుకునింది నా కోడలు అని ఫోన్లో ఒక్కొక్కరికీ చెబుతోంది. నోరు కట్టుకున్న కోడలు సోఫాలో కూర్చుని ఎవరి ముఖమూ చూడటం లేదు. సిగ్గనుకున్నారంతా.

నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి నవ్వాను. మటన్ తిన్నా నిలిచింది కదా. మరి ఇన్నాళ్ళూ ఆ పిల్లను పెరుగన్నంతో ఎందుకు చంపినట్టు? ఈ మాట అత్తమ్మ ముఖాన కొట్టాలని నాలుక దురద పెడుతోంది. ఇప్పుడు కాదు. ఎప్పుడైనా పనికొస్తుంది.

2 జూలై

సౌమ్య పాస్టీ చేయడం నేర్పమంది. ముందు కను, తర్వాత నేర్చుకుందువు అన్నాను. నవ్వబోయి ఆగిపోయింది.

11 జూలై, శుక్రవారం

పోయింది.

ఆఫీసులో ఉండగా హర్ష ఫోన్ చేశాడు. ఉదయం నుంచి బ్లీడింగ్. స్కాన్‌లో గుండె కొట్టుకోవడం లేదు. తొలి నెలల్లో చాలావరకు క్రోమోజోమ్ తేడాల వల్లే ఇలా అవుతుంది, తిన్నదాని వల్లా కాదు, నడిచినదాని వల్లా కాదు, ఎవరి తప్పూ లేదు అని డాక్టర్ అన్నారట. ఇంకోసారి చెప్పు అన్నాను. చెప్పాడు. మళ్ళీ చెప్పించుకున్నాను.

ముందు నాకు ఏడుపు రాలేదు. నా గది నాకొస్తుంది అనిపించింది. ఆ తర్వాత ఏడ్చాను. అదీ నిజమే.

13 జూలై, ఆదివారం

అత్తమ్మకు క్రోమోజోమ్‌లు అర్థం కావు. ఆవిడకు అర్థమయ్యేది ఒక్కటే. మొక్కు ఎక్కడో తప్పింది. మొక్కిన తను తప్పు చేయదు. కాబట్టి మానినదే తప్పు చేసి ఉండాలి.

సౌమ్యను దేవుడి గూటి ముందు నిలబెట్టింది. ఆసుపత్రి నుంచి నిన్ననే వచ్చిన మనిషి, గోడ పట్టుకుని నిలబడింది. అత్తమ్మ పళ్ళెంలో కర్పూరం వెలిగించి, యాడైనా మాంసం ముట్టినావా, ముట్టలేదంటే దీని మింద చెయ్యి పెట్టి ఆర్పెయ్, నేనింక అడిగేది లేదు అంది. అమ్మా అన్నాడు గిరిధర్. అంతకుమించి ఈ ఇంటి మగవాళ్ళు అనరు.

నేను నిశ్చింతగానే ఉన్నాను. ఆ పిల్లకు తెలియదు కదా, ధైర్యంగా ఆర్పేస్తుంది, గొడవ వదిలిపోతుంది అనుకున్నాను. సౌమ్య చెయ్యి చాపింది. చెయ్యి మంట మీదికి వెళ్ళి ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తీసుకుంది. కర్పూరం దానంతటదే అయిపోయేదాకా అందరం చూస్తూ నిలబడ్డాం.

కళ్ళి అంది అత్తమ్మ. కన్నడంలో దొంగ అని. సొంత అన్న కూతుర్ని.

నాకు అర్థం కావడం లేదు. ఎందుకు ఆర్పలేదు?

16 జూలై, బుధవారం

అత్తమ్మ సౌమ్య ఫోన్ లాక్కుని ఎప్పుడెప్పుడు ఏమేం తెప్పించుకుందో హర్ష చేత వెతికించింది. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి ఎంత తెలివిగా తినింది చూడప్పా అంది. గిరిధర్ హాల్లో పడుకుంటున్నాడు. పెళ్ళాంతో మాట్లాడటం మానేశాడు. సౌమ్య తన కంచం తనే కడుక్కుని విడిగా పెట్టుకుంటోంది.

నా గది నాకొచ్చింది. నా బట్టలు ఈసారీ అత్తమ్మే మోసింది, మడతలు పెట్టి మరీ. అందరి ముందూ, కోడలంటే కిరణ్మయిని చూసి నేర్చుకోవల్ల, లోపల ఒకటి బయట ఒకటి లేదు దానికి అంది. తొమ్మిదేళ్ళు ఈ మాట కోసం చూశాను. ఇంకో గరిటె అన్నం పెట్టించుకుని తిన్నాను.

20 జూలై, ఆదివారం. సాయంత్రం 5

మేడ మీద బట్టలు తీస్తుంటే సౌమ్య వచ్చింది. ఇప్పుడు ఆ పిల్లను మెట్లెక్కొద్దని ఎవరూ అనడం లేదు.

కిరణక్కా, ఒకరికైనా చెప్పకుంటే నేను బతకలేను అంది. ఆ పొద్దు పాస్టీలో మాంసం ఉండె, మొదటి కొరుకుకే తెలిసిపోయె అంది. ఉమ్మేసుంటే అయిపోయేది, ఉమ్మలేదు అంది. అత్త తన చేత్తోనే పెట్టింది, ఎవరికి తెలుస్తాదిలే, ఈ ఒక్క తూరికి అనుకుంటి అంది. రెండేండ్ల ఆకలక్కా, పొడి కూడా వదల్లేదు నువ్వు చూస్తివి కదా అంది. వెంకన్న పరీక్ష పెట్టినాడు, నేను నోటి కోసం బిడ్డను చంపుకుంటి అంది.

ఏడవలేదు. ఏడుస్తూ చెప్పి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

చెప్పడానికి నా దగ్గర రెండు మాటలున్నాయి. ఒకటి డాక్టర్‌ది. తిన్నదాని వల్ల కాదని. అది చెప్పాను. అందరూ అలాగే ఓదారుస్తారులే అన్నట్టు తలూపింది. రెండోది నాది. పరీక్ష పెట్టింది వెంకన్న కాదు, నేను. తోక విరగడం నేను చూశాను, ఆ ముక్కను నమిలి మింగాను, ప్లేటు నా కళ్ళ ముందే నీ దగ్గరికి వచ్చింది. ఈ మాట వింటే దేవుడు తన మీద పగబట్టలేదని ఆ పిల్లకు తెలుస్తుంది. నన్ను జుట్టు పట్టి కొడుతుంది, కొట్టి బతుకుతుంది. కానీ అత్తమ్మకు తెలుస్తుంది. నాకు వచ్చినవన్నీ పోతాయి.

బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాను. డబ్బా మూత పెట్టాను. ఎవ్వరికీ చెప్పొద్దు సౌమ్యా, నేనూ చెప్పను అన్నాను.

నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఈ ఇంట్లో నాకు నువ్వొక్కదానివే ఉండావు అంది. సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, నా పెళ్ళినాడు కూడా ఇంత సంతోషం లేదు.

26 జూలై

సౌమ్య నా వెనకే తిరుగుతోంది. మీరిద్దరూ ఇలా కలిసిపోవడం బాగుంది అన్నాడు హర్ష.

3 ఆగస్టు

సౌమ్య ఉప్పు మానేసింది. ఎవరూ చెప్పలేదు, తనంతట తానే. రాగి ముద్ద చప్పిడిగా నీళ్ళతో మింగుతోంది. ఎన్నాళ్ళు మానితే సరిపోతాదక్కా, నువ్వే చెప్పు అని నన్నడిగింది.

ఇంకా కొన్నాళ్ళు అన్నాను.