గొంతు మీద నూగు

ఉడతకు,
అమ్మమ్మ దీవెనలు.

ఫోనులో అయితే నవ్వించి దాటేస్తావు, అందుకే రాస్తున్నాను. మొన్న నువ్వు ముందుగదిలో పాడి వెళ్ళినప్పటి నుంచీ నాకు మనసు కుదురుగా లేదు. పై స్వరాల్లో నీ గొంతుకు కొత్త కాగితానికి ఉన్నట్టు ఒక అంచు ఉండేది. మొన్న అది లేదు. అంతా మఖమల్. మీ తాతయ్యను అడిగితే, "ఎప్పటిలాగే ఉంది కదే" అన్నారు. ఆయనకు శ్రుతికీ కుక్కర్ ఈలకూ తేడా తెలియదు.

వినడానికి హాయిగానే ఉంది. నా భయమంతా అదే. కోడిజుట్టు పువ్వు, ఆరుద్ర పురుగు, మన పిల్లి చెవి పుట్టుకతోనే మెత్తన. నున్నగా ఉండాల్సినదానికి నూగు వస్తే మాత్రం అది తెగులు. చిన్నప్పుడు గులాబీ ఆకుల మీద తెల్లటి నూగు చూసి ముద్దుగా నిమిరావు, గుర్తుందా? ఆ ఏడు ఒక్క మొగ్గా విచ్చలేదు. నీ గొంతులోనూ ఏదో మొలిచిందని నా అనుమానం. ఆదివారం కచేరీ మానుకో. గొంతు డాక్టరుకు చూపించుకో. కోపమొస్తే రానీ. ఇంతమందికి పాట నేర్పిన చెవి ఇది, దీని లెక్క తప్పదు.

నిన్ను బెదిరించక తప్పని
అమ్మమ్మ


ఉడతా,

నీ ఉత్తరం అందింది. గొంతు శుభ్రంగా ఉందని డాక్టరు చెప్పాడన్నావు. నా మాట మీద నువ్వు వదులుకున్న కచేరీలో నీ స్నేహితురాలు పాడిందన్నావు. చివర "మరి నువ్వు విన్నదేమిటి అమ్మమ్మా?" అని అడిగావు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఇవాళ కుక్కర్ పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతున్నాను. మీ తాతయ్య హాల్లోంచి పరుగున వచ్చి స్టవ్ కట్టేశారు.

"ఎన్ని ఈలలే, లోపలంతా జావ అయిపోదూ?"

"ఒక్కటీ రాలేదు కదండీ."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. నన్ను అటు తిరగమని, నా వెనక తాళాల గుత్తి ఆడించారు. నేను, "ఇక ఆడించండి" అన్నాను. అప్పటికే ఆడించేశారట. ఇంతలో పిల్లి ఆకలేసి అరిచింది. ఆ గరుకు గొంతు కూడా నాకు మఖమల్‌లాగే వినిపించింది.

తెగులు నా చెవిదే. రేపు తాతయ్య నన్ను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు. నీ చేజారిన కచేరీని నేను తిరిగి తేలేను. ఇకమీదట నీ పై స్వరాలను దిద్దను. ఒకసారి వచ్చి, నా వేళ్ళు నీ గొంతు మీద పెట్టుకుని పాడు. అంచు ఉందో లేదో తడిమి చూసుకుంటాను.

తలుపు కొట్టకు, నేరుగా లోపలికి వచ్చెయ్.
అమ్మమ్మ